మా బావ ఎక్కిన మంచుకొండ

జీవితమంతా ఐసు అమ్మిన మనిషి చివరికి కావలి నుంచి అద్దెకు తెచ్చిన ఐసు పెట్టెలో పడుకున్నాడు. అదీ నాసిరకం పెట్టె. అద్దం నిండా గీతలు, కింద మోటారు రొద. బావ బతికుంటే దాన్ని వేళ్ళ కణుపులతో టకటకా తట్టి, "ఇదేం చల్లదనం అబ్బయా, దీంట్లో పూటకి చేప కూడా ఆగదు" అని తెచ్చినవాణ్ణి అక్కడే కడిగేసేవాడు. ఏడవాల్సిన చోట నాకు ఇది తట్టింది. నేను అంతే. పగలంతా కాలేజీ లైబ్రరీలో 'నిశ్శబ్దం' అని రాసిన బోర్డు కింద కూర్చుంటాను. బయటికొచ్చాక నోరు ఊరుకోదు, మనసు అసలే ఊరుకోదు.

ఆయన మా అక్క మొగుడు. సముద్రం పక్కన బోట్లు ఆగే చోట ఆయన ఐసు ఫ్యాక్టరీ. వేటకు పోయే బోట్లన్నీ అక్కడ ఐసు నింపుకునే పోవాలి. దాంతో ఐసును భూమ్మీద కనిపెట్టింది తనేనని ఆయనకొక నమ్మకం కుదిరిపోయింది. పెళ్ళిళ్ళలో ఎవరి చేతిలోనైనా కూల్‌డ్రింకు గ్లాసు కనబడితే చాలు, అడక్కుండానే వేళ్ళు పెట్టి ఐసు ముక్క తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, ఓ మూల కొరికి, "తొందరపడి తీసినారు. నడిమధ్యన తెల్లగా ఉండాది చూడు" అని తీర్పు చెప్పేవాడు. కొరగ్గా మిగిలిన ముక్కను మళ్ళీ ఆ గ్లాసులోనే వేసేవాడు. ఆ గ్లాసు పట్టుకున్న మనిషి తాగలేక, పారబొయ్యలేక అవస్థ పడేవాడు. ఒకసారి అది నా గ్లాసే.

అయినా నాకు ఒళ్ళు మండింది అందుకు కాదు. ఆయనకు రెండు మాటలుండేవి. ఒకటి, "జారిపడతావు." రెండోది, "ఉండు, నేను చెబుతా." రెండూ మా అక్క కోసమే పుట్టిన మాటలు.

అక్క ఏదో చెప్పడం మొదలుపెట్టేది. "మొన్న రేవుకాడ ఏమైందంటే..." అనేలోపే బావ అరచెయ్యి పైకి లేచేది, ట్రాఫిక్ పోలీసు చెయ్యి లాగా. "ఉండు, నేను చెబుతా." ఆ మొన్న ఆయన రేవులో లేనే లేడు. అయినా చెప్పేవాడు. ఇంటికొచ్చినవాళ్ళు అక్క చేపల పులుసు తిని, వేళ్ళు నాక్కుంటూ, "ఎట్టా చేసినావక్కా?" అని అడిగితే జవాబు బావ నోట్లోంచి వచ్చేది. చింతపండు ఎంత చిక్కగా పిసకాలో, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. ఆయన జన్మలో పొయ్యి మొహం చూడలేదు. చెప్పింది సగం తప్పే అయినా అక్క పక్కన నిలబడి తల ఊపేది. ఆమె చేతిలోని గరిటె తీసుకుని ఆయనకొకటి తగిలించాలనిపించేది నాకు.

ఒక వానాకాలం పెరట్లో కట్టెల కింద పాము కనబడితే, అక్క దాని మీద గంప బోర్లించి, పైన రోకలి పెట్టి, పాములవాణ్ణి పిలిపించింది. బావ ఆ పూట ఫ్యాక్టరీలో ఉన్నాడు. నెల తిరిగేసరికి ఊళ్ళో కథ మారిపోయింది. గంప బోర్లించింది ఆయన. భయపడి మంచమెక్కి అరిచింది అక్క. ఆ కథ నా ముందే, అక్క ముందే చెప్పాడు. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు.

ఇన్నేళ్ళ కాపురంలో అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే. మంచు మీద నడవాలని. టీవీలో ఎప్పుడో చూసిందట. "కరెంటు లేదు, డబ్బాలు లేవు, దానంతటదే ఆకాశం నించి పడతాదంట మే. దాని మీద నడవాలని ఉండాది" అని నాతో అంది. ఐసు ఫ్యాక్టరీ యజమాని పెళ్ళాం అయ్యుండీ ఆమె ఏనాడూ ఐసు మీద కాలు పెట్టలేదు. మధ్యాహ్నం క్యారియరు తీసుకుని పోతే గేటు దగ్గరే ఆపేసేవాడు. "లోపలికి రావద్దు, జారిపడతావు." ఆయన తినేదాకా ఆమె గేటు బయటే నిలబడి, లోపల దిమ్మలు లాగే మనుషుల్ని చూస్తూ ఉండేది. తర్వాత ఖాళీ క్యారియరుతో ఇంటికొచ్చేది.

మంచు సంగతి ఎత్తగానే బావ విరగబడి నవ్వాడు. "ఐసు చూసేదానికి ఎవురన్నా రైలెక్కి పోతారా? ఊళ్ళో నవ్వతారు మే!" అక్క మళ్ళీ ఎత్తలేదు. నాకు చిర్రెత్తుకొచ్చి, అక్కకూ నాకూ టికెట్లు కొనేశాను. నెల్లూరు నుంచి ఢిల్లీకి రైలు, అక్కణ్ణుంచి బస్సు. అది తెలిసిన రోజే బావ మూడో టికెట్టు కొనుక్కున్నాడు. "మీరిద్దురు ఆడోళ్ళు ఐసులో జారిపడితే ఎవురు లేపతారు?" అన్నాడు. నా ప్రాణానికి అంతకంటే శాపం లేదు.

ఆ కొండ పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది "మేమూ పోయినాం" అంటారు, అంత జనం పోయే కొండ అది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవచ్చు. మార్చి చివర మన దగ్గర ఎండకు బయట కాలు పెట్టలేకపోతున్నాం, అక్కడ అప్పుడే వసంతం. కింద సగం రాళ్ళు పరిచిన దారి, అటూ ఇటూ ఎర్రటి పూలు విరగబూసిన చెట్లు. పై సగంలో చలికాలపు మంచు ఇంకా కరగలేదు. కొసన చిన్న గుడి.

దారి మొదట్లో కొట్లవాళ్ళు బూట్ల కింద తగిలించుకునే ఇనప పళ్ళు అద్దెకిస్తున్నారు. నేను మూడు జతలు తియ్యబోతే బావ అరచెయ్యి లేచింది. "వాళ్ళకేం తెలుసు ఐసు సంగతి? మందు నా కాడుండాది" అని భుజాన వేలాడుతున్న చిన్న గోనెసంచిని తట్టాడు. రైల్లో ఆ సంచిని తలకింద పెట్టుకుని పడుకుంటే జంతికలేమో అనుకున్నాను. మూతి విప్పి చూపించాడు. రాళ్ళుప్పు! మా ఊరి ఉప్పుమళ్ళలో పండిన ఉప్పు. ఐసు ఫ్యాక్టరీలో నేల మీద ఐసు పేరుకుంటే దాని మీద ఉప్పు చల్లి, కరిగాక చీపురుతో ఊడ్చేస్తారు. కొండను కూడా అట్లాగే ఊడ్చేద్దామని ఈయన ఉద్దేశం. పోనీ నా మటుకు నేను ఒక జత తీసుకుంటానంటే, "నా మీద నమ్మకం లేదా మరదలా?" అని మొహం ముడుచుకున్నాడు. గొడవొద్దని అక్క కళ్ళతోనే చెప్పింది.

మంచు మొదలైన చోట బావ పంచె ఎగ్గట్టి, మంకీ టోపీ సర్దుకుని ముందుకొచ్చాడు. అక్క ముందు వంగి, పిడికెడు పిడికెడు చల్లుతూ, "ఆఁ, ఇప్పుడు పెట్టు కాలు" అనేవాడు. పెళ్ళిలో కూడా ఇంత శ్రద్ధగా తలంబ్రాలు పోసి ఉండడు. వెనక వచ్చే కాలేజీ పిల్లలు ఫోన్లెత్తి నవ్వుతున్నారు. ఈయన అది గౌరవం అనుకున్నాడు. ఉప్పు పడ్డ చోట పైమంచు చిత్తడి చిత్తడిగా కరిగింది. అడుగున జనం తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు అట్లాగే ఉంది. ఇంతకుముందు కాలు కాస్త ఆనేది, ఇప్పుడు అదీ లేదు. "ఆగండయ్యా, ఇంకా జారతా ఉండాది" అని అక్క అంటే, "కరిగేదాకా ఓపిక పట్టాల" అన్నాడు. కొండ కరిగేదాకానట!

అప్పుడొచ్చాయి కంచరగాడిదలు. నడవలేనివాళ్ళు వాటి మీద ఎక్కిపోతారు. మొదటిది దారిలో ఆగి, తల వంచి, నాలుక చాపి ఉప్పు నాకడం మొదలుపెట్టింది. దానిమీద కూర్చున్నావిడ కెవ్వుమంది. తోలేవాడు తాడు పట్టి లాగితే కదిలితేనా! వెనకది వచ్చి దాని పక్కన నిలబడి అదీ నాకింది. ఇంకోటి వచ్చింది. దారి మొత్తం ఆగిపోయింది. ఎన్నాళ్ళకు దొరికిందో పాపం ఉప్పు, వాటి ఆనందం వాటిది. తోలేవాడు హిందీలో బావను తిట్టిన తిట్లు మాకు అర్థం కాలేదు కానీ భావం తెలిసింది. బావ నెల్లూరు భాషలో తగులుకున్నాడు. "ఏందయ్యా అరస్తావు? నీ గాడిదకి కూడు పెట్టకుండా నా ఉప్పు నాకించి, మళ్ళా నన్నంటావా?" అంటూ, పౌరుషంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. తను చల్లిన ఉప్పు మీదే వేశాడు. రెండు కాళ్ళూ ముందుకు పోయాయి, మనిషి చిత్తడిలో కూలబడ్డాడు. మమ్మల్ని లేపడానికి వచ్చిన పెద్దమనిషిని మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం.

పక్కనే ఉన్న టీకొట్టు బల్ల మీద కూలేశాం. దెబ్బేమీ లేదు. తడిసిన పంచె పిండుకుంటూ, "ఇంక చాలు, దిగుదాం పాండి. పైన మాత్రం ఏముంటాది? ఇదే ఐసు" అన్నాడు. నేను అక్క మొహం చూశాను. ఆ బల్ల దగ్గర్నుంచి పైన గుడి కొస కనబడుతోంది. అక్క దాన్నే చూస్తోంది. ఇప్పుడు దిగితే ఈ జన్మకు మళ్ళీ ఈ కొండ లేదు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"మీరు కూర్చోండి. నేను పోయొస్తా" అంది అక్క.

"ఏందీ? జారిపడతావు!"

"పడేదేదో మీరు పడినారు గదా. ఇంక నాకేం మిగల్లేదులే."

అక్క నోటి నుంచి అట్లాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆయనా వినలేదేమో, అరచెయ్యి ఎత్తడం కూడా మర్చిపోయాడు. ఆమె ఆయన భుజాన్నుంచి సంచి తీసుకుని, మిగిలిన ఉప్పంతా ఆయన తువ్వాలు మీద కుమ్మరించింది. సంచి కుట్టు పళ్ళతో కొరికి, రెండుగా చించి, ఆ గోనెగుడ్డల్ని రెండు బూట్లకూ చుట్టి ముడేసింది. ఐసు దిమ్మలు లాగే మనుషులు కాళ్ళకు గోనె చుట్టుకునే నడుస్తారు, జారకుండా. ఇన్నేళ్ళూ గేటు బయట నిలబడి ఆమె చూసింది అది. యజమానిగారికి ఉప్పు గుర్తుంది, గోనె గుర్తులేదు. ఆయనెప్పుడైనా కుర్చీ దిగితే కదా!

నేనూ లేచాను. వెంటనే బావ గుండె పట్టుకున్నాడు. "మరదలా, దడదడా అంటా ఉండాది. నన్ను ఒంటిగా ఇడిసిపెట్టి పోతావా?" అక్క నా వైపు తిరిగి, "నువ్వుండు మే" అంది. ఉండిపోయాను. ఆయన మీద ఇప్పటికీ నాకున్న కోపంలో సగం అదే. వాళ్ళిద్దరికీ కలిపి ఉన్న మంచి ఫోను బావ జేబులో ఉండిపోయింది. నా ఫోను చలికి ఎప్పుడో ఆరిపోయింది. అక్క వట్టి చేతులతో పోయింది.

ఆమె మలుపు తిరగ్గానే గుండె దడ తగ్గింది. బావ నూడుల్స్ తిన్నాడు. టీ తాగాడు. తెలుగు ఒక్క ముక్క రాని టీకొట్టాయనకు ఐసు ఎట్లా తయారవుతుందో మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. వెనక కొండ పడేట్టు నిలబడి, మంకీ టోపీతో నాచేత ఫోటో తీయించుకున్నాడు. "గుడి కూడా పడాల, రోంత పక్కకి జరుగు" అని నన్నే బురదలో జరిపాడు.

పొద్దు వాలేకొద్దీ మాటలు తగ్గాయి. పైనుంచి వచ్చేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు. చివరికి లేచి, తువ్వాల్లోని ఉప్పు తీసుకుపోయి, కొట్టు ముందున్న మెట్ల మీద చల్లి వచ్చాడు. అది ఆయనకు తెలిసిన ప్రేమ అని మీరు అంటారేమో. అనుకోండి. నేను అనను. పొద్దున పడ్డవాడికి బుద్ధి రాలేదంటాను. తీరా అక్క కొండంతా దిగొచ్చి, ఆ ఉప్పు మెట్టు మీదే కాలు జారి, కొట్టు గుంజ పట్టుకుని నిలదొక్కుకుంది.

మొహం ఎర్రగా కందిపోయింది. జుట్టు ముడి ఊడి మొహం మీద పడుతోంది. చిన్నప్పుడు అలలో మునిగి లేచినప్పుడు అక్క మొహం అట్లా ఉండేది. "పైన..." అని మొదలుపెట్టింది.

"తెలుసులే. పా, బస్సు పోతాది" అన్నాడు బావ.

అంతే. నోరు మూసుకుంది. గోనెగుడ్డలు విప్పి, పిండి, మడిచి తన సంచిలో పెట్టుకుంది.

తిరుగు రైల్లో ఆ కొండ ఎట్లా చేతులు మారిందో నేను కళ్ళారా చూశాను. ఢిల్లీలో ఎక్కినవాళ్ళతో, "సగం పైన ఎక్కినా, మా ఆడోళ్ళ కోసరం ఆగినా" అన్నాడు. నాగపూర్ దాటాక "మేము ఎక్కినాం" అయింది. విజయవాడలో ఇద్దరూ గుడి ముందర నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. ఒంగోలు వచ్చేసరికి అక్కకు కాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. నెల్లూరులో దిగేటప్పటికి అక్క టీకొట్టు దగ్గర కూర్చుండిపోయింది, ఆయనొక్కడే కాళ్ళకు గోనె చుట్టుకుని కొసకు పోయొచ్చాడు. ఆ గోనె కూడా లాక్కున్నాడు, చూడండి!

అప్పట్నుంచి ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పేరంటాలు. టీకొట్టు ముందు తీసిన ఫోటోను ఫ్రేము కట్టించి ఫ్యాక్టరీలో తగిలించాడు. ఒకసారి బంధువుల భోజనాల్లో ఆగలేక, "పోయింది మా అక్క. నువ్వు నూడుల్స్ తింటా కూర్చున్నావు బావా" అన్నాను. ఆయన తొణకలేదు. "పైన ఎవురుండారో ఈ పిల్లకేం తెలుసు? ఈమె కూడా కిందనే కూర్చోనింది గదా" అన్నాడు. అందరూ నవ్వారు. నిజమే మరి, నేను కిందనే ఉన్నాను. సాక్షిని కూడా ముందే కూర్చోబెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ రోజు వంటింట్లోకి పోయి అక్కను పట్టుకున్నాను. "నీకు నోరు లేదా? నీ కొండను కూడా ఇచ్చేస్తావా?" అక్క పళ్ళెం తుడుస్తూ, "చెప్పనీలే మే. ఆయన చెప్పేదాన్లో పైన ఉండేది ఒక్కటీ లేదు గదా" అంది. మరి పైన ఏముంది అని అడిగాను. "చెబుతాలే" అంది. ఎన్నిసార్లడిగినా ఆ 'చెబుతాలే' దాటి రాలేదు. చెప్పడం మర్చిపోయిందేమో అనిపించేది నాకు. వాడని కత్తి తుప్పు పట్టదా!

మొన్న ఆయన పోయిన పొద్దున అక్క నిజంగానే ఏడ్చింది. కాదనను. ఫ్యాక్టరీలో కుర్చీలో కూర్చునే, ఎవరినో తిడుతూ తిడుతూ ఆగిపోయాడట. దూరం నుంచి రావాల్సినవాళ్ళ కోసం ఐసు పెట్టెలో ఉంచారు. ఇంటి ముందర బావ తమ్ముడు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. కృష్ణపట్నం పోర్టులో పని ఆ అబ్బాయికి, అన్నంటే ప్రాణం. ఫ్లెక్సీలో బావ మంకీ టోపీతో నవ్వుతున్నాడు, వెనక మంచుకొండ, పక్కకు గుడి. నేను తీసిన ఫోటోనే.

మాలో పూడ్చడమే ఆచారం. గోతిలో పొయ్యడానికి ఎవరో ఉప్పు మూట తెచ్చి గడప పక్కన దించారు. మా ఊరి రాళ్ళుప్పే. అక్క ఆ మూట చూసింది. తర్వాత పెట్టెలో ఉన్న మనిషిని చూసింది. పెదవులు బిగబట్టి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందని పక్కనున్న ఆడవాళ్ళు భుజం నిమిరారు. నేను గబగబా మొహం తిప్పుకున్నాను. నన్ను చూస్తే ఆమె నవ్వేసేది.

మిట్టమధ్యాహ్నం వేళ కావలి నుంచి వచ్చిన ఒకాయన ఫ్లెక్సీ చూసి, ఇది ఎక్కడ అని అడిగాడు. బావ తమ్ముడు కళ్ళు తుడుచుకుని అందుకున్నాడు. "ఉత్తరాన మంచుకొండ సార్. అన్న ఒక్కడే కొసకి ఎక్కినాడు. మా వదిన పాపం ఎక్కలేక టీకొట్టు కాడ కూర్చోనింది..." అంటున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. పొద్దుట్నుంచీ చెవుల్లో హోరెత్తించిన మోటారు ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

"కూర్చోనింది ఆయన. పైకి పోయింది నేను" అంది అక్క.

గట్టిగా ఏమీ అనలేదు. అయినా అందరికీ వినబడింది. ముసలి పెద్దమ్మ ఒకామె, "మనిషి పోయినాక ఇప్పుడెందుకు తల్లీ అయ్యన్నీ" అని గొణిగింది.

"ఇంకా పోలేదు పెద్దమ్మా, ఈడనే ఉండాడు గదా. ఆయన ముందరే చెప్పాల. రేపట్నించి చెబితే చాటున చాడీ చెప్పినట్టు ఉంటాది."

బావ తమ్ముడు నోరు తెరిచాడు. "అది గాదు వదినా, అన్న నాతో ఎన్నోసార్లు..."

అక్క అరచెయ్యి పైకి లేచింది.

"ఉండు అబ్బయా, నేను చెబుతా."

చెప్పింది. "పైన గుడి తలుపులు తియ్యలా. చలికాలం మూసింది ఇంకా తెరవలేదంట. దేవుడు కనబళ్ళా. గుడి ఎనకమాల ఎవురూ తొక్కని మంచు ఉండాది, ఆడికి పోయినా. గోనె ఇప్పి, బూట్లు ఇప్పి, వట్టి కాళ్ళతో నిలబడినా. మన ఐసుకి చేపల వాసన ఉంటాది గదా, దానికి ఏ వాసనా లేదు. అట్టా నిలబడి ఉంటే ఎవురో కాలేజీ పిల్ల వచ్చింది. యా ఊరి పిల్లో, నా మాట దానికి తెలీదు, దాని మాట నాకు తెలీదు. నన్ను చూసి నవ్వి, ఫోటో తీసింది. నా బొమ్మ ఆ పిల్ల కాడుండాది. యాడుండాదో ఏమో, ఉండాది మాత్రం..."

కరెంటు వచ్చింది. పెట్టె కింద మోటారు మళ్ళీ రొద మొదలుపెట్టింది. అక్క దాని వైపు ఒకసారి చూసి, గొంతు పెంచి, చెప్పుకుంటూ పోయింది.